చేప దగ్గు

ఫిల్టర్ హౌసు, పంపుల పక్క గది
గొట్టం బిగించిన రోజు

మహాలక్ష్మీ సమానురాలు, శాస్త్రవేత్త, మా అన్నయ్య నెత్తి మీది కిరీటం అయిన వదిన గారికి ఆడపడుచు రాయునది ఏమనగా,

పెట్టె క్షేమంగా చేరింది. లోపల గొట్టాలు రెండు, ఖాళీ సీసాలు పన్నెండు, నీ సూచనల కాగితాలు నాలుగు. గొట్టం నా చెయ్యంత పొడుగుంది, సూచనలు నీ నాలుకంత.

నువ్వు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మన ఒంట్లో ప్రతి కణానికీ ఓ గోడ, ఆ గోడకి బుల్లి గుమ్మాలు. వాటిలోంచి నీళ్ళు తప్ప ఇంకెవరూ దూరలేరు. నువ్వు ఆ గుమ్మాల్ని చూసి కాపీ కొట్టి ఒక పొర తయారుచేసి, చుట్టి గొట్టంలో పెట్టావు. ఎనిమిదో తరగతిలో నేను కాపీ కొడితే బయట నిలబెట్టారు. నువ్వు కొడితే బల్ల ఇచ్చారు. సరే, ఎవరి అదృష్టం వాళ్ళది.

ఒక గొట్టం బిగించాను, రెండోది బీరువాలో పెట్టాను. మా గోడ మీద రెండు పైపులుంటాయి. పచ్చ పైపులోవి కాలువలోంచి తిన్నగా వచ్చే బురద నీళ్ళు. నీలం పైపులోవి ఇసుక పడకల్లోంచి దిగి తేటబడ్డ నీళ్ళు. నీ గొట్టాన్ని పచ్చ పైపుకే తగిలించాను. నా డ్యూటీ ఉన్నంతసేపూ నడుస్తుంది, ఇంటికెళ్ళేటప్పుడు కట్టేస్తాను. లీటరు జాడీ నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయమన్నావు. నలభై. జాడీలో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, ఖాళీ జాడీ అనుకుని మీసం గారు అందులో పెన్నులు పెట్టారు.

మీసం గారంటే మా సూపర్‌వైజరు. ఆయనలో రోజూ పనిచేసేది అదొక్కటే కాబట్టి ఆ పేరు. ఈ గొట్టమేంటని అడిగారు. డ్యూటీలో ఎవరు కునుకు తీశారో పసిగట్టి పై ఆఫీసుకి చెప్పే యంత్రమన్నాను. అప్పట్నుంచీ కళ్ళు ఇంతింత చేసుకుని కూర్చున్నారు. పాపం, నీళ్ళు కూడా కారుతున్నాయి.

రీడింగు కాగితం మీద సంతకం పెట్టాను. ‘ముందు’ అని చీటీ అంటించిన సీసాలో కాలువ నీళ్ళు, ‘తర్వాత’ అన్నదాంట్లో గొట్టం నీళ్ళు. ‘ముందు’ సీసాని మీ ప్రయోగశాల పెద్దాయన చేత తెరిపించు. చాలా బాగుంటుంది.

నీ ఆడపడుచు


ప్రయోగశాల, మూడో అంతస్తు, కిటికీ లేని గది
మంగళవారం

ఆడపడుచు అనే ఆపదకు,

తెరిపించాను. పెద్దాయన సీసాని దీపం దగ్గరికెత్తి పట్టుకుని “ఇందులో కదులుతున్నదేమిటమ్మా?” అన్నారు. తోకకప్ప ఆయన వైపు తిరిగి నోరు తెరిచింది. ముప్పై ఏళ్ళుగా నీటి మీద పరిశోధన చేస్తున్న మనిషి కుర్చీ ఎక్కారు. దాన్ని కింద గోలెంలో వదిలేసి వచ్చేసరికి గదంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వడం ఆపి రాస్తున్నాను, నువ్వూ ఆపి చదువు.

నువ్వెన్ని వేషాలైనా వెయ్యి. రీడింగుల జోలికి మాత్రం రాకు. నువ్వు రాసే అంకె తప్ప ఆ కాలువ గురించి నాకిక్కడ ఇంకేమీ కనపడదు. నీ అంకే నా కన్ను.

పెద్దాయన పెట్టిన షరతు ఏమిటో చెప్పలేదు కదూ. బురద నీళ్ళ మీద నలభై రోజులు నడవాలి. లీటరుకి ఎనభై సెకన్లు దాటకూడదు. నెగ్గితే బల్ల నాది. దాటితే పక్క బల్లాయన, ఎప్పుడూ టై కట్టుకునే టై గారు, ఇటుకేసి జరుగుతారు. ఈ గదిలో ఇరవై రెండేళ్ళు వేరేవాళ్ళ గాజుసామాను కడిగాను. కడుగుతూనే చదివాను, పరీక్షలు రాశాను. నాకంటూ బల్ల వచ్చి ఏడాది. దాని మీద నా పేరు రాసిన చీటీ ఉంది. రోజూ తుడుస్తాను. మీ అన్నయ్య నవ్వుతారు.

ఇంకోటి. గొట్టంలో నీళ్ళు ఎప్పుడూ వెనక్కి తోయకు. ఆ పొర తడి కాగితం కంటే పల్చన. వెనకనుంచి తోస్తే చిరుగుతుందని మా అందరి భయం.

వదిన


ఫిల్టర్ హౌసు
ఎనిమిదో రోజు

వదినా,

నలభై, నలభై మూడు, నలభై ఆరు, యాభై, యాభై నాలుగు, యాభై తొమ్మిది, అరవై మూడు, అరవై ఏడు. ఇవి రీడింగులు. తోకకప్పలు లేవు, వట్టి అంకెలే. ఎంత బుద్ధిగా రాశానో చూశావా? చేతిరాత కూడా మా టీచరుకి చూపిస్తే కళ్ళు తిరిగి పడిపోతుంది.

మీసం గారికి నిజం చెప్పేశాను. ఎందుకంటే నిద్ర లేక ఆయన కోపం మా మీద పడుతోంది. “నన్ను వెధవని చేశావు కదే!” అన్నారు. “నేను కాదండీ, నేను వచ్చేసరికే” అన్నాను. ఇప్పుడు మాట్లాడటం లేదు. ప్రాణానికి హాయిగా ఉంది.

ఆ అంకెలు అలా ఎక్కుతున్నాయేంటి? మొదట్లో ఎక్కి తర్వాత ఆగుతాయా? గొట్టం మూతిదగ్గర బంక బంకగా గోధుమరంగు పొర కడుతోంది. వేలితో తీయబోయి, నీ సూచనల రెండో కాగితం గుర్తొచ్చి వేలు వెనక్కి తీసుకున్నాను.

నీ ఆడపడుచు


ప్రయోగశాల
శుక్రవారం

మరదలా,

ఆగుతాయి. ఆగాలి. ఇలా ఎక్కితే పదకొండో రోజుకే ఎనభై అవుతుంది. గుమ్మాలు బాగానే ఉన్నాయి, ‘తర్వాత’ సీసాలో ఒక్క మరక లేదు. గుమ్మం బయట జనం పేరుకుపోతున్నారు, అదే చిక్కు.

నేను బాగానే ఉన్నాను. మీ అన్నయ్య ఏదైనా ఫోన్ చేసి చెబితే నమ్మకు. భోజనం దగ్గర కూర్చుని సెకన్లు లెక్కపెడుతున్నానట. నిన్న టై గారు వచ్చి నా బల్ల పొడుగు కొలిచి వెళ్ళారు. ఊరికే, సరదాకి అన్నారు. నేనూ సరదాగానే నవ్వాను.

ఈ వారం ఏం వచ్చినా దాచకుండా రాయి.

వదిన


ఫిల్టర్ హౌసు
పదిహేనో రోజు

బంగారు వదినా,

యాభై ఎనిమిది! నిన్న యాభై ఎనిమిది, మొన్న యాభై తొమ్మిది. ఆగిందా లేదా? ఆగడమేంటి, వెనక్కొచ్చింది. మధ్యలో ఓ రోజు కాస్త ఇబ్బంది పెట్టింది గానీ చిన్న సర్దుబాటు చేశాను. పాతికేళ్ళుగా పైపులతో కాపురం చేస్తున్నదాన్ని, ఎవరికి ఎక్కడ నలత చేసిందో చెయ్యి వేస్తే తెలుస్తుంది.

నువ్వు కడుపునిండా తిను. టై గారు మళ్ళీ బల్ల కొలవడానికొస్తే ఆయన మెడ చుట్టుకొలత తీసుకో. ఊరికే, సరదాకి.

ఈసారి ఉత్తరం చిన్నది. పంపు బేరింగు మూలుగుతోంది, వెళ్ళాలి.

నీ ఆడపడుచు


ప్రయోగశాల, మూడో అంతస్తు
ఇరవై తొమ్మిదో రోజు (చూశావా, నేనూ నీలాగే లెక్కపెడుతున్నా)

నా వజ్రాల మరదలికి,

రెండు వారాలుగా యాభై ఎనిమిదికి అటూ ఇటూ! పెద్దాయన నీ కాగితాలు గోడకి అంటించారు. సమావేశంలో టై గారు లేచి “ఎనిమిదో రోజు దాకా ఎక్కిన అంకె ఒక్కసారిగా దిగి అక్కడే కూర్చోవడమేంటి? విడ్డూరంగా ఉందే” అన్నారు. నేనూ లేచాను. “మా ఆడపడుచు అల్లరిది, నోటి దురుసుది, కప్పల్ని సీసాల్లో పంపిస్తుంది. రీడింగు మాత్రం తప్పు రాయదు” అన్నాను. అందరి ముందూ అన్నాను. ఆయన కూర్చున్నారు. ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో నా మాటకి ఒకరు కూర్చోవడం అదే మొదటిసారి.

అసలు సంగతి వినలేదు నువ్వు. పిల్లల ఆసుపత్రి ఒకటుంది. దానికీ కాలువ నీళ్ళే. వాళ్ళ పాత ఫిల్టర్లు పీకేసి మన గొట్టాలు నలభై పెడతారు. నలభయ్యో రోజు రీడింగు చేతికి రాగానే పని మొదలు. వార్డులో తాగడానికి ఇక అవే నీళ్ళు.

నేను వెళ్ళి చూసి వచ్చాను. మంచాలన్నీ పొట్టివి. ఓ నర్సు నాకు వార్డంతా తిప్పి చూపించింది, నేనేదో పెద్దదాన్ని అయినట్టు.

నీకేం కావాలో అడుగు. ఏదైనా సరే.

నీ వదిన


ఫిల్టర్ హౌసు
ముప్పై ఒకటో రోజు

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ జోకుతోనే మొదలైంది. మూడూ చింపేశాను.

నీ గొట్టం పచ్చ పైపుకి లేదు. తొమ్మిదో రోజు డెబ్బై తొమ్మిది సెకన్లు వచ్చింది. అది నీకు రాయలేదు. మర్నాడు రీడింగు తీయకముందే నీ ఉత్తరం వచ్చింది, టై గారు బల్ల కొలిచారని. అన్నయ్య ఫోన్ చేసి, నువ్వు పళ్ళెంలో చెయ్యిపెట్టి అలాగే కూర్చుంటున్నావని చెప్పాడు. నేను లేచివెళ్ళి గొట్టాన్ని పచ్చ పైపునుంచి తీసి నీలం పైపుకి తగిలించాను. స్పానరుతో రెండు నిమిషాల పని. మూతికున్న బంక తేట నీళ్ళకి కొంత కొట్టుకుపోయింది, యాభై ఎనిమిది దగ్గర నిలిచింది. అప్పట్నుంచీ నీ గొట్టం తేటబడ్డ నీళ్ళనే మళ్ళీ తేట చేస్తోంది.

నేను రాసిన యాభై ఎనిమిది నిజమే. జాడీ పెట్టి, గడియారం చూసే రాశాను. ‘ముందు’ సీసాలో మాత్రం కాలువ నీళ్ళే నింపి పంపాను, నీకు అనుమానం రాకుండా. అంటే అంతా తెలిసే చేశానన్నమాట. కప్పల్లాంటి వేషమేనని నాకు నేను చెప్పుకున్నాను. నలభై రోజులు గడిపేస్తే నీ బల్ల నీకుంటుంది, ఎవరికీ పోయేదేమీ లేదు అనుకున్నాను.

ఆ పొట్టి మంచాల సంగతి నాకు తెలీదు. పాత ఫిల్టర్లు పీకేసిన తొమ్మిదో రోజుకి ఆ వార్డులో కుళాయి తిప్పితే ఏమొస్తుందో నీకంటే నాకే బాగా తెలుసు. చుక్కలు.

ఈ పెట్టెని బస్సు ఆఫీసుకి పంపలేదు. నేనే మోసుకెళ్ళి డ్రైవరు పక్కన పెట్టించాను, ఇవాళే చేరాలని. ఆసుపత్రి పని ఆపించు. నన్ను తిట్టడం తర్వాత.

ఆడపడుచు


ప్రయోగశాల

ఫిల్టర్ హౌసు ఆపరేటరు గారికి,

మీ ఉత్తరం అందింది. విషయం పెద్దాయనకి తెలియజేశాను. గోడ మీది కాగితాలు తీసేశారు. ఆసుపత్రి పని ఆగిపోయింది. నెలన్నర తర్వాత జరిగే సమావేశంలో బల్ల గురించి నిర్ణయిస్తారు.

బీరువాలో ఉన్న రెండో గొట్టాన్ని తిరిగి పంపగలరు.

ఇట్లు,
పరిశోధకురాలు


ఫిల్టర్ హౌసు
సోమవారం

వదినా,

“మీరు” అన్నావు. పాతికేళ్ళలో నువ్వు నన్ను గాడిదన్నావు, దయ్యమన్నావు, ఓసారి మా అన్నయ్య మీద కోపమొచ్చి మా వంశం మొత్తాన్ని ఏమో అన్నావు. నేను ఒక్క రోజూ బాధపడలేదు. “పంపగలరు” అనే ముక్క చదివి మాత్రం పంపుల గదిలో కూర్చుని ఏడ్చాను. పంపుల మోతలో ఎవరికీ వినపడదు, ఆ సౌకర్యం ఉంది ఇక్కడ.

గొట్టం పంపడం లేదు. కోపమొస్తే రానీ. దాన్ని పచ్చ పైపుకి బిగించాను. మీసం గారి కాళ్ళ మీద పడ్డంత పనిచేసి, రోజూ రీడింగప్పుడు వచ్చి నిలబడమన్నాను. “నీ పక్కన నేనెందుకు?” అన్నారు. “నా సంతకానికి విలువ పోయిందండీ, మీది కావాలి” అన్నాను. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూసి సరేనన్నారు. పైపు దగ్గర సీలు కూడా వేశారు. దాని తీగ తెంపితే తప్ప గొట్టం ఊడదు.

మొదటి రోజు, నలభై ఒకటి. సంతకాలు రెండు. నువ్వు జవాబు రాయకపోయినా ప్రతి వారం పెట్టె వస్తుంది.

ఆడపడుచు


ఫిల్టర్ హౌసు
రెండో గొట్టం, తొమ్మిదో రోజు

వదినా,

నిన్నటిదాకా పాత కథే. ఏడో రోజు అరవై ఆరు, ఎనిమిదో రోజు డెబ్బై రెండు. నువ్వు ఖాళీ సీసాలు పంపావు, చీటీ ముక్క కూడా లేకుండా. సీసాలన్నీ తిరగేసి చూశాను.

ఇప్పుడొకటి చెబుతాను, ఇది వేషం కాదు. మా మట్టి దిగే తొట్టిలో కాలువలోంచి కొట్టుకొచ్చిన చేపలు ఓ పది ఉన్నాయి. మీసం గారితో మాటల్లేని రోజుల్నుంచీ వాటితోనే కూర్చుని టిఫిను డబ్బా తింటున్నాను. నిన్న డెబ్బై రెండు చూసి కడుపు మండి, తొట్టి గట్టు మీద కూర్చుని వాటినే తిట్టాను. “మీరు పుట్టిందగ్గర్నుంచీ ఈ బురదే మింగుతున్నారు, మీ మొప్పలు ఎందుకు మూసుకుపోవే?” అని. తిడుతూ చూస్తూ ఉంటే, ఒకటి నోరు మూసుకుని తెరుచుకుని పోతూ పోతూ ఠక్కున ఆగి దగ్గింది. దగ్గడమే వదినా! నోట్లోంచి చిన్న మట్టి మబ్బు వెనక్కొచ్చింది. మళ్ళీ మామూలుగా పోయింది. గంటసేపు చూశాను. అన్నీ దగ్గుతున్నాయి. కాసేపటికోసారి, ఇంతే, చిటికేసినంత.

నీ గొట్టానికి దగ్గు లేదు. మింగడమే నేర్పావు దానికి.

నీళ్ళు వెనక్కి తోయొద్దన్నావు. అందుకే తోయలేదు. గొట్టంలో తేట నీళ్ళు వచ్చే చివరని జాడీలో ముంచి, ఆ జాడీని గొట్టం కంటే జానెడు ఎత్తున చెక్క మీద పెట్టాను. పచ్చ పైపు కుళాయి కట్టి ‘ఒకటి, రెండు’ అని రెండంకెలు లెక్కపెట్టాను. జాడీలో నీళ్ళు వాటంతటవే మెల్లగా వెనక్కి జారాయి. కింద మూతిలోంచి గోధుమరంగు మబ్బు వచ్చింది. కుళాయి విప్పేశాను. పొద్దున్నుంచీ పావుగంటకోసారి ఇలాగే. సాయంత్రం రీడింగు, మీసం గారి ఎదుట: యాభై ఒకటి.

పొర చిరిగితే నేరం నాదే. ‘తర్వాత’ సీసా పంపుతున్నాను. నువ్వే చూసుకో. ఈసారి చెప్పే చేస్తున్నాను.

ఆడపడుచు


ప్రయోగశాల
గురువారం

ఆపరేటరు గారికి,

కింది వాటికి జవాబులు కావాలి.

జానెడు అంటే ఎంత? స్కేలు పెట్టి కొలవండి, మీ జానా నా జానా ఒకటి కాదు. వెనక్కి జారిన నీళ్ళు జాడీలో ఎన్ని గీతలు తగ్గాయి? ప్రతిసారీ రెండంకెలేనా? ఆ రెండంకెలు మామూలుగా లెక్కపెట్టారా, మీరు మీసం గారి మీద కోపంగా ఉన్నప్పటిలా లెక్కపెట్టారా?

సీసా చూశాను. చిరగలేదు. మూడుసార్లు చూశాను, ఇంకో మనిషి చేత కూడా చూపించాను. ఇలా వెనక్కి కడగడం కొత్తేమీ కాదు, పుస్తకాల్లో ఉంది. కానీ ఈ పొర మీద చేసే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. మేమంతా పెద్ద పంపుతో తోయడం గురించే ఆలోచించాం. జానెడు ఎత్తు చాలని ఎవరికీ తట్టలేదు.

చేపలు నిజంగా దగ్గుతాయా, లేక ఇది కూడా?

పరిశోధకురాలు


ఫిల్టర్ హౌసు
రెండో గొట్టం, ముప్పై ఎనిమిదో రోజు

వదినా,

నీ ప్రశ్నలన్నిటికీ వారం వారం జవాబులు పంపాను. స్కేలు పెట్టాను, గీతలు చూశాను, అంకెలు ప్రశాంతంగా లెక్కపెట్టాను. ముప్పై రోజుల దాకా అరవై లోపే ఉంది. ఆ తర్వాత వానలు పడి కాలువ ఎర్రగా మారింది. డెబ్బై, డెబ్బై నాలుగు, డెబ్బై ఎనిమిది. పావుగంట దగ్గుని పది నిమిషాలకి మార్చాను. అదీ రాశాను.

ఇవాళ జాడీ నిండింది. గడియారం ఆపాను. ఎనభై ఒకటి.

మీసం గారు నా భుజం మీదుగా చూశారు. “ఒక్క సెకనే కదే. నీ వేలు ఆలస్యంగా నొక్కిందనుకో. ఎనభై అని వెయ్యి, నేను సంతకం పెడతాను. ఇంకో రెండు రోజులేగా” అన్నారు. ఆయన అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మీసం కూడా కిందికి వాలింది. మంచి మనిషి వదినా, ఇన్నాళ్ళూ అనవసరంగా ఏడిపించాను.

“మళ్ళీ తిప్పుదాం” అన్నాను. రెండోసారి ఎనభై ఒకటి. మూడోసారి ఎనభై రెండు.

నీ బల్ల కళ్ళముందు కనపడింది, దాని మీద నువ్వు తుడిచే చీటీతో సహా. పెన్ను తీశాను. ఎనభై ఒకటి అని రాశాను. అంకెల్లో, అక్షరాల్లో కూడా. మూడు రీడింగులూ రాశాను. ఆయన సంతకం పెట్టి, వెళ్ళి నాకు టీ తెచ్చిచ్చారు.

ఓడిపోయాం. నన్ను తిట్టుకో, కానీ ఈ కాగితాన్ని నమ్ము.

ఆడపడుచు


ప్రయోగశాల, మూడో అంతస్తు, కిటికీ లేని గది
శనివారం

గాడిదకు,

సమావేశం అయింది. నీ కాగితాలు పెద్దాయన ముందు పెట్టాను. పాతవీ, కొత్తవీ, తొమ్మిదో రోజు నువ్వు దాచిన డెబ్బై తొమ్మిదీ, అన్నీ. టై గారు “ఇదే మనిషి కదా అప్పుడు మోసం చేసింది?” అన్నారు. అవునన్నాను. ఈసారి నీ తరఫున ఏమీ చెప్పలేదు.

పెద్దాయన చివరి కాగితం దగ్గర ఆగారు. మూడు అంకెలూ చూశారు, అక్షరాల్లో రాసిందీ చూశారు. “ఒక్క సెకను. మోసం చేసేవాళ్ళయితే ఇక్కడ ఎనభై ఉండేది” అన్నారు. అలా అని రూలు మార్చలేదు. నలభై కాలేదు కాబట్టి ఓడినట్టే. బల్ల టై గారికి వెళ్ళింది. చీటీ నేనే పీకి పర్సులో పెట్టుకున్నాను. కానీ ఆ సింకు పక్కన, నేను ఇరవై రెండేళ్ళు గాజుసామాను కడిగిన చోట, ఒక చెక్క వేయించి ఇచ్చారు. ఆరు నెలలు. ఎర్ర నీళ్ళలో ఎన్ని నిమిషాలకోసారి దగ్గాలో కనిపెట్టమన్నారు. “ఆ ఎనభై ఒకటి రాసిన ఆపరేటరే రీడింగులు తీయాలి” అన్నారు.

ఆయన నిన్ను నమ్మారు. ఆయనకి నువ్వు తెలీదు కదా. నాకు తెలుసు. నాకింకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఆ మంచాలు గుర్తొస్తాయి. నీ ఉత్తరం పది రోజులు ఆలస్యమై ఉంటే అనుకుంటాను, అక్కడితో ఆపేస్తాను.

అందుకని సెలవు పెట్టాను. కొత్త గొట్టం పట్టుకుని బుధవారం నేనే వస్తున్నాను. ఆ చేపలు దగ్గడం నా కళ్ళతో చూడాలి.

వదిన


ఫిల్టర్ హౌసు
ఆదివారం

వదినా,

రా. మధ్యాహ్నం బస్సుకి రా, కాలువ వైపు సీట్లో కూర్చో.

చేపలకి చెప్పాను, బుధవారం మా వదిన వస్తోంది, కాస్త గట్టిగా దగ్గండి అని. ఒక్కటీ వినిపించుకోలేదు. వాటికి మట్టి అడ్డం పడ్డప్పుడే దగ్గుతాయట, ఎవరు చూస్తున్నా, ఎవరు చూడకపోయినా. ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి గంట. నేను చేయగలిగిందేమీ లేదు. తొట్టి గట్టు తుడిచి, ఇద్దరికి సరిపడా చోటు చేశాను. కూర్చుని చూద్దాం.

నీ ఆడపడుచు